ఘాట్‌రోడ్డు వానకి ఏ టైరు? బటన్లు చూసి మోసపోకండి

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది జి.మాడుగుల మండలంలో ఒక ఊరు. కాఫీ, మిరియం తోటలున్నాయి. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ పికప్ తీసుకున్నాను. టైరు సైజు 255/60 ఆర్18. మా ఊరి నుంచి తార్రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, మధ్యలో ఒక గెడ్డ (వాగు). అక్కడి నుంచి పాడేరు, వారానికోసారి ఘాట్ దిగి చోడవరం. కాఫీ సీజన్లో ఆరేడు బస్తాలు వేస్తాను, మిగతా రోజుల్లో వెనక ట్రే ఖాళీయే. బురద కోసమని వానాకాలమంతా గాలి 24కి తగ్గించి ఉంచుతాను. పోయిన నెల వానలో ఘాట్ దిగుతుంటే, అమ్మవారి పాదాలు దాటాక ఒక మలుపులో బ్రేకు వేస్తే బండి ఆగలేదు. జారుకుంటూ పోయి ముందు చక్రం కొండవైపు కాలవలో పడింది. పక్క సీట్లో మా నాన్న ఉన్నారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ అప్పట్నుంచి ఆయన వాన పడితే బండి ఎక్కనంటున్నారు. మా బావ మడ్ టెర్రైన్ టైర్లు వెయ్యమంటాడు. షాపతను 265/65 ఆర్18 సైజులో ఆల్ టెర్రైన్ వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది, పట్టు బాగుంటుంది అంటాడు. ఇంకొకాయన పది ప్లై (పొరల బలం) ఉన్న ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ టైరే తీసుకోమన్నాడు. వానలో పట్టు ఇచ్చే ఆల్ టెర్రైన్ ఏది? నాలుగూ ఒకేసారి మార్చాలా, రెండు ఇప్పుడు, రెండు తర్వాత మార్చినా పరవాలేదా? పాత టైర్ల మీద బటన్లు (నేలకి తగిలే రబ్బరు గుబ్బలు) ఇంకా సగం ఉన్నాయి, అందుకే అడుగుతున్నాను.

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారు భయపడటంలో తప్పేమీ లేదు. ఆయన్ని మళ్లీ బండి ఎక్కించడానికి మాటలతో ఒప్పించే పని పెట్టుకోకండి. బండిని ఆగేలా చేస్తే ఆయనే ఎక్కుతారు.

టైర్ల సంగతికి ముందు ఇంకో పని ఉంది. చక్రం కాలవలో పడిందన్నారు. ఆ చక్రం విప్పించి రిమ్ము వంగిందేమో, టైరు లోపలి వైపు ఉబ్బు వచ్చిందేమో చూపించండి. టై రాడ్, బాల్ జాయింట్ చూపించి అలైన్‌మెంట్ చేయించండి. బయటివైపు నున్నగా కనిపిస్తుంది గానీ, లోపలివైపు కోడిగుడ్డంత ఉబ్బు ఉన్న టైర్లని నేను చాలా చూశాను. అలైన్‌మెంట్ తేడాగా ఉన్న బండికి ఎంత మంచి టైరు వేసినా మూణ్నెల్లలో ఒక పక్క కోసుకుపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం చివర్లో ‘బటన్లు ఇంకా సగం ఉన్నాయి’ అన్నారు చూడండి, ఆ బండి ఎందుకు జారిందో నాకు అక్కడే తెలిసింది. నర్సీపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా టైర్లు ఎక్కించాను, దించాను. ఏజెన్సీ నుంచి దిగొచ్చిన జీపు డ్రైవర్లు ‘బటన్ ఉంది కదా’ అనే మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. వాన రోడ్డు మీద బటన్ ఉండటం ఒకటి, పట్టు ఉండటం ఇంకొకటి.

తడి తారు మీద టైరు ఎలా నిలుస్తుందో ఒకసారి చూద్దాం. అది మూడు పనులు చేయాలి. ఎక్కువ నీళ్లుంటే బటన్ల మధ్య ఉండే కాలవల్లోంచి పక్కకి తోసెయ్యాలి. మిగిలిన సన్నటి నీటి పొరని చీల్చాలి. ఆ తర్వాత రబ్బరు మెత్తగా వంగి తారులోని గరుకులోకి దిగాలి. మొదటి పని పెద్ద కాలవలది. రెండో పని బటన్ల మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి గాట్లది. మూడో పని రబ్బరుది. చూడ్డానికి రౌద్రంగా ఉండే టైరు మొదటి పని ఒక్కటే బాగా చేస్తుంది.

ఘాట్‌లో మీకు కావలసింది ఆ మొదటి పని కాదు. ఇది చాలామందికి తట్టదు. నీళ్ల మీద బండి తేలిపోవడమన్నది ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగంలో, అనకాపల్లి దగ్గర హైవే మీద నిలిచిన నీటిలో వచ్చే ప్రమాదం. ఘాట్‌లో మలుపు దగ్గర మీ వేగం ముప్పై, నలభై. అక్కడ నీళ్లు నిలవవు, వాలులో పారిపోతాయి. మిగిలేది పలచటి పొర. చెట్ల నీడలో తారు మీద పట్టిన పాకుడు, పక్క దారుల నుంచి బళ్లు ఈడ్చుకొచ్చిన ఎర్రమట్టి, లారీలు మలుపుల్లో ఒలకబోసిన డీజిల్, ఇవన్నీ ఆ పొరలో కలిసి ఉంటాయి. దాన్ని చీల్చి కిందికి దిగాల్సింది సన్నటి గాట్ల అంచులు, మెత్తటి రబ్బరు. మీ పాత టైర్లలో పోయినవి ఆ రెండే.

ఎలా పోయాయంటారా? ఎండలో బండిని నిలబెట్టి టైరు దగ్గర కూర్చోండి. ఒక బటన్ మీద గాటు ఉంటే అందులోకి విజిటింగ్ కార్డు అంచు దూర్చండి. పక్కనే పెద్ద కాలవలో ఎంత లోతు దిగుతుందో చూడండి. చాలా టైర్లలో గాటు బటన్ అడుగుదాకా ఉండదు, సగం దాకానే కోస్తారు. బటన్ సగం అరిగేసరికి గాట్లు మాయమైపోతాయి, బటన్ నున్నటి రబ్బరు ముద్ద అవుతుంది. దూరం నుంచి చూస్తే ఇంకా గుబ్బలు గుబ్బలుగానే కనిపిస్తుంది. తర్వాత బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చి చూడండి. కొత్త టైరులో గోరు కొంచెం దిగి, తీయగానే ఆ నొక్కు సర్దుకుంటుంది. గట్టిపడిన దానిలో గోరే వంగుతుంది. అది అయ్యాక పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. మీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఆ టైర్ల వయసు ఎంతో మీకు తెలిసి ఉండదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన జీపు టైరుకి 8 మిల్లీమీటర్ల బటన్ ఉంది, వయసు తొమ్మిదేళ్లు. గోరు గుచ్చితే రాయి తగిలినట్టుంది. ఆ డ్రైవరు కొత్తది కొనడానికి రాలేదు, పంక్చర్ వేయించుకుని వెళ్లిపోదామని వచ్చాడు.

ఆ గాట్లను సైప్స్ అంటారు. అమెరికాలో జాన్ సైప్ అనే కబేళా కార్మికుడు తడి నేల మీద కాలు జారకుండా బూట్ల అడుగున గాట్లు కోసుకున్నాడని, 1920లలో ఆ ఆలోచనకి పేటెంట్ తీసుకున్నాడని చెబుతారు. తడి గచ్చు మీద గట్టి అట్ట చెప్పు ఎలా జారుతుందో, గాట్లున్న మెత్తటి రబ్బరు చెప్పు ఎలా నిలుస్తుందో మనకి తెలిసిందే. టైరుదీ అదే కథ.

ఇక మీ బావగారి సలహా. మడ్ టెర్రైన్ టైరుకి బటన్లు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు పెద్దవి. బురదలో తిరుగుతుంటే ఆ ఖాళీల్లోంచి మట్టి ఎగిరి పడుతుంది, కొత్త అంచు మళ్లీ మట్టిని తవ్వుతుంది. మీ నాలుగు కిలోమీటర్లలో అది రాజే. కానీ తారు మీద, అంత ఖాళీ ఉన్నచోట నేలకి తగిలే రబ్బరు తక్కువ, గాట్లు తక్కువ. ఊరి నుంచి చోడవరం దాకా లెక్క వేసుకోండి: మట్టి నాలుగు కిలోమీటర్లు, మిగతాదంతా తారే. ఆ నాలుగు కిలోమీటర్లలో జారితే ఇరుక్కుంటారు, ట్రాక్టరు పిలిస్తే సరిపోతుంది. ఘాట్‌లో జారితే ఏమవుతుందో మీ నాన్నగారికి తెలుసు. మడ్ టైర్లలో కొన్నింటి పక్క గోడ మీద పీఓఆర్ అని ఉంటుంది. వృత్తిపరంగా రోడ్డు బయట వాడే టైరని దాని అర్థం. ఐరోపాలో తడి పట్టు రేటింగు చూపించే టైరు లేబుల్ నుంచి అలాంటి టైర్లకి మినహాయింపు ఉంది. ఆ రేటింగే లేని టైరుని వానలో ఘాట్‌కి ఎందుకు తీసుకెళ్లాలి?

నేను కూడా మీ బావగారిలాగే ఆలోచించినవాణ్ణే. వయసులో ఉండగా జీపుకి నాలుగు మడ్ టైర్లు వేసుకుని వానలో అనంతగిరి ఘాట్ ఎక్కాను. ఎక్కడం అద్భుతంగా ఎక్కింది. దిగేటప్పుడు ఎదురుగా బస్సు వస్తే బ్రేకు తొక్కాను. నాలుగు చక్రాలూ ఆగిపోయాయి, జీపు మాత్రం ఆగలేదు. తడి గచ్చు మీద పీట జరిగినట్టు మెల్లగా, నిశ్శబ్దంగా జరిగింది. బస్సు డ్రైవరు అనుభవస్తుడు కాబట్టి చోటిచ్చాడు. ఇంటికెళ్లాక ఆ టైర్లు విప్పేశాను. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఆగే దూరం లెక్క ఒకటి చెబుతాను, కాగితం మీద మీరే వేసి చూసుకోవచ్చు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో, వందకి ఆరు వాలున్న రోడ్డు మీద దిగుతున్నారనుకోండి. తడిలో పట్టు బాగున్న టైరుకి ఘర్షణ గుణకం (రోడ్డు మీద పట్టుని చెప్పే అంకె) 0.7 అనుకుంటే, బ్రేకు పట్టిన దగ్గర్నుంచి పది మీటర్లలోపు ఆగుతారు. గట్టిపడిన టైరు, కొంచెం పాకుడు కలిసి అది 0.4కి పడిపోతే పద్దెనిమిది మీటర్లు దాటుతుంది. తేడా మీ బండి పొడవుకి ఒకటిన్నర రెట్లకు పైనే. అదే చెడ్డ టైరుతో 30లో దిగితే పదిన్నర మీటర్లు. కొత్త టైర్లు వచ్చేదాకా మీరు ఎంత వేగంలో దిగాలో ఈ అంకె చెబుతుంది.

ఫోర్ బై ఫోర్ ఉంది కదా అనుకుంటే అది కదలడానికి సాయం. ఆగడానికి కాదు. ఇంజను శక్తి రెండు చక్రాలకే అందే బండికైనా, నాలుగింటికీ అందే బండికైనా బ్రేకు నాలుగు చక్రాలకీ ఉంది. ఆపేది టైరే. పైగా మీ బండిలో ఉన్నది అవసరమైనప్పుడు వేసుకునే రకం. 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లేలా వేసినప్పుడు, ముందు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరుగుతాయి. పట్టు ఉన్న తారు మీద ఇరుకు మలుపులు తిరిగితే గేర్లు బిగుసుకుంటాయి, బండి మలుపు తీసుకోకుండా నేరుగా వెళ్లాలని చూస్తుంది. మట్టిలో వెయ్యండి, తారెక్కాక తీసెయ్యండి.

ఆల్ టెర్రైన్ అన్న పేరు మీద నమ్మకం పెట్టుకోకండి. ఆ పేరుతో అమ్మేవాటిలో ఒక కొసన దాదాపు రోడ్డు టైరులాంటివీ, ఇంకో కొసన దాదాపు మడ్ టైరులాంటివీ ఉన్నాయి. ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పాలి. ఒకే స్థాయి కంపెనీల్లో మంచి హైవే టైరుకి తడి తారు మీద మంచి ఆల్ టెర్రైన్ కంటే సాధారణంగా ఎక్కువ పట్టు ఉంటుంది. మీకు ఆ మట్టి దారి, గెడ్డ లేకపోతే హైవే టైరే వెయ్యమనేవాణ్ణి. కానీ గెడ్డలో రాళ్లుంటాయి, ఎర్రమట్టి జిగురుగా ఉంటుంది. కాబట్టి మీకు కావలసింది రోడ్డు వైపు మొగ్గిన ఆల్ టెర్రైన్: మధ్యలో బటన్లు దగ్గరదగ్గరగా, వాటి మీద గాట్లు ఒత్తుగా, పక్క భుజాల దగ్గర మాత్రమే కొంచెం ఖాళీలు.

పేర్లు అడిగారు. యోకోహామా జియోలాండర్ ఏ/టీ జీ015, అపోలో ఆప్టెర్రా ఏటీ2, ఈ రెండూ ఆ కోవలోవి. నేనైతే వీటితో మొదలుపెట్టి మీ సైజులో, తాజా తయారీలో ఏది దొరుకుతుందో చూస్తాను. బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2 పేరు కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. రాళ్లలో నలిగే బండికి దాని పక్క గోడ బలం నిజంగా గొప్పది. కానీ మీ బాధ పక్క గోడ కాదు, తడి తారు. దాన్ని తప్పుపట్టడం లేదు, మీ పనికి మొదటి ఎంపిక కాదంటున్నాను.

షాపులో టైరు దించాక చూడాల్సినవి చెబుతాను. పక్క గోడ మీద గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కనే అంకెలు ఉంటాయి. ఆ అంకెల చివర ఎస్2డబ్ల్యూఆర్2 లాంటి అక్షరాల వరుస కోసం వెతకండి. అందులో డబ్ల్యూ ఉంటే అంతర్జాతీయ తడి పట్టు పరీక్ష పాసైందని గుర్తు. ఎస్ శబ్దానిది, ఆర్ దొర్లే నిరోధానిది. మన దేశంలో కూడా ఏఐఎస్-142 ప్రమాణం ప్రకారం కనీస తడి పట్టు తప్పనిసరి చేశారు. 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్లకి, 2023 ఏప్రిల్ నుంచి అప్పటికే ఉన్న డిజైన్లకి. అయితే అది కనీసం మాత్రమే. పదో తరగతిలో 35 మార్కులతో పాసైనవాడూ, 95తో పాసైనవాడూ ఇద్దరూ పాసైనవాళ్లే కదా.

అమెరికా గుర్తులు కూడా ఉంటే ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బీ, సీ అక్షరాల్లో ఒకటి కనిపిస్తుంది. తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేస్తే ఎంత పట్టు ఉందో ఆ అక్షరం చెబుతుంది, మలుపులో పట్టు గురించి చెప్పదు. ఏ కంటే తక్కువది మీకు వద్దు. దాని పక్కనే ఉండే ట్రెడ్‌వేర్ అంకె చూసి ‘ఇది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది’ అని మురిసిపోకండి. ఎక్కువ అరగని రబ్బరు చాలాసార్లు గట్టి రబ్బరే. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉంటే అది మంచులో పట్టు పరీక్ష పాసైన టైరు. లంబసింగిలో ఎంత చలైనా మనకి ఆ మంచు లేదు, కాబట్టి ఆ గుర్తు కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. కాకపోతే అలాంటి టైర్లకి గాట్లు ఒత్తుగా ఉంటాయి, అది మీకు కలిసొచ్చే గుణం. ఒట్టి ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలకి మాత్రం పెద్ద అర్థం లేదు, దానికి పరీక్ష అక్కర్లేదు, కంపెనీ తనే వేసుకోవచ్చు.

ఆ తర్వాత మళ్లీ విజిటింగ్ కార్డు. కొత్త టైరులో గాటు ఎంత లోతుందో, కాలవ ఎంత లోతుందో రెండూ చూడండి. గాటు కాలవతో దాదాపు సమానంగా దిగితే ఆ టైరు మూడో వానాకాలంలో కూడా మీ మాట వింటుంది. షాపు కుర్రాడు వింతగా చూస్తే చూడనివ్వండి.

సైజు సంగతి. మీ 255/60 ఆర్18 టైరు మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. షాపతను చెప్పిన 265/65 ఆర్18 ఎత్తు 802. అయిదు శాతం ఎక్కువ. మీటరు 60 చూపిస్తే బండి 63లో పోతుంటుంది. చక్రం పెద్దదైతే అదే బ్రేకు అంతకంటే ఎక్కువ శ్రమ పడాలి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోవచ్చు, ఘాట్‌లో ప్రతి మలుపులోనూ మీరు చేసేది అదే. రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండికి కంపెనీ చెప్పని సైజు వేసి, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లతో వాదించాల్సి వస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజే వెయ్యండి. ఎత్తు కోసం గెడ్డలో ఇబ్బంది పడుతుంటే అది వేరే సమస్య, టైరుతో తీర్చుకోవద్దు.

పది ప్లై ఎల్‌టీ టైరు విషయంలో కూడా నాది అదే మాట. నిత్యం టన్ను బరువు మోసే బండికి, పదునైన రాళ్ల క్వారీలో తిరిగే బండికి అది కావాలి. మీరు వేసేది ఆరేడు బస్తాలు, అదీ మూణ్నాలుగు నెలలు. పక్క గోడ మీద లోడ్ అంకె 112 ఉన్న మామూలు టైరు ఒక్కొక్కటి 1120 కిలోలు మోస్తుంది, వెనక రెండూ కలిసి 2240. మీ బస్తాలకి అది ధారాళం. ఎల్‌టీ టైరు గోడ మందం, బిరుసు. అదే బరువుకి దానికి గాలి ఎక్కువ పట్టాలి. ఖాళీ ట్రేతో తడి మలుపులో వెళ్తే వెనక భాగం గతుకు గతుక్కీ ఎగురుతుంది, ఎగిరిన క్షణంలో పట్టు సున్నా. మీ పాత టైరు మీద ఉన్న లోడ్ అంకె కంటే తక్కువది మాత్రం వెయ్యకండి. కాస్త ఎక్కువైతే పరవాలేదు. ట్రే ఖాళీగా ఉంది కదా, ఇసుక బస్తాలు వేసుకోండి అని ఎవరైనా చెప్పినా వినకండి. కట్టని బస్తా మలుపులో అటూఇటూ జరిగితే ఉన్న పట్టు కూడా పోతుంది.

నాలుగూ ఒకేసారి మార్చాలి. డబ్బు విషయం నాకు తెలుసు, కాఫీ డబ్బులు వచ్చేదాకా ఆగాలనిపిస్తుంది. కానీ మీ బండిలో 4హెచ్ వేసినప్పుడు ముందు, వెనక చక్రాలు సమానంగా తిరగాలి. ముందు కొత్తవి, వెనక సగం అరిగినవి ఉంటే ఎత్తులో తేడా వస్తుంది, ఆ తేడాని గేర్‌బాక్సు భరించాలి. తారు మీద దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది: ముందు పట్టు ఎక్కువ, వెనక తక్కువ అయితే తడి మలుపులో వెనక భాగం ముందుకి తిరిగొస్తుంది. నాలుగింటికీ డబ్బు చాలకపోతే ఖరీదైనవి రెండు కొనేకంటే, ఒక మెట్టు తక్కువ ధరలో ఒకే రకం నాలుగు కొనండి. రీబటన్ చేసినవాటి (పాత టైరుకి కొత్త బటన్ అతికించినవి) వైపు మాత్రం చూడకండి. పాత వాటిలో బాగున్నది ఒకటి స్టెప్నీకి ఉంచుకోండి. అది వేసినప్పుడు 4హెచ్ వాడకండి.

గాలి విషయంలో మీరు చేస్తున్నది ఇవాళే మానెయ్యాలి. బురదలో 24 మంచిదే. తారు మీద, అదీ ఘాట్‌లో, మంచిది కాదు. గాలి తక్కువైతే టైరు మధ్యభాగం నేలని సరిగా నొక్కదు, గాట్లు, కాలవలు మూసుకుపోతాయి, స్టీరింగు తిప్పాక బండి ఆలస్యంగా తిరుగుతుంది. హైవే మీద నీళ్లు నిలిచిన చోట ఇంకా ప్రమాదం. విమానాల టైర్ల మీద 1960లలో నాసా వాళ్లు కట్టిన సూత్రం ఒకటుంది. గాలి పీడనం వర్గమూలాన్ని బట్టి టైరు నీటి మీద తేలే వేగం వస్తుంది. ఆ లెక్కన 32 ఉన్నప్పుడు సుమారు 94 కిలోమీటర్ల వేగంలో తేలే టైరు, 24 ఉంటే 82కే తేలుతుంది. కారు టైరుకి ఇది ఉజ్జాయింపే, కానీ దిశ మాత్రం అదే. డ్రైవరు డోరు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, బరువుతో ఎంత అని రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు, చల్లటి టైరులో ఆ అంకె ఉండాలి. సిగరెట్ సాకెట్‌కి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కుని ట్రే పెట్టెలో పడేసుకోండి. మట్టిలో తగ్గించుకోండి, తారు ఎక్కే చోట ఆపి పది నిమిషాలు గాలి కొట్టుకోండి. ఆ పది నిమిషాలు మీ నాన్నగారికి టీ తాగడానికి పనికొస్తాయి.

కొత్త టైరు వేసిన మొదటి రెండు, మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి. అచ్చులోంచి తీసేటప్పుడు అంటిన నూనె పొర అరిగేదాకా కొత్త టైరు కూడా జారుతుంది. వెయ్యగానే వానలో ఘాట్ దిగి ‘గురువుగారు చెప్పింది వేస్తే ఇంకా జారుతోంది’ అనకండి. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించుకుంటే నాలుగూ సమానంగా అరుగుతాయి.

ఎప్పుడు మార్చాలన్నది ఆఖరి విషయం, దీని మీద నేను రాజీపడను. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా నడపొచ్చు. కాలవల అడుగున చిన్న దిమ్మెలుంటాయి, బటన్ వాటితో సమానమైతే ఆ హద్దు చేరినట్టు. అది ఎండలో నేరుగా పోయే రోడ్డుకి పెట్టిన హద్దు అనుకోండి. ఘాట్‌లో వాన పడుతుంటే మీ హద్దు 4 మిల్లీమీటర్లు. కొత్త ఆల్ టెర్రైన్‌కి సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, మీకు నిజంగా వాడుకోవడానికి ఉన్నది ఆరే అనుకుని లెక్క వేసుకోండి. లోతు కొలిచే గేజి ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. ప్రతి ఏటా మే నెలాఖర్లో, తొలకరి రాకముందు కొలవండి. 4 దగ్గరికి వచ్చి ఉంటే ఆ వానాకాలానికి ముందే మార్చండి. మిగిలిన బటన్‌ని ఎండాకాలంలో పల్లపు ఊళ్లలో తిరిగే బండికి ఎవరికైనా అమ్మేయొచ్చు, ఏమీ నష్టపోరు.

టైర్లు వచ్చేలోపు ఘాట్ దిగాల్సి వస్తే పైనే, వాలు మొదలుకాకముందే రెండో గేరులో పడండి. బ్రేకు మలుపులో కాదు, మలుపుకి ముందు, బండి నేరుగా ఉన్నప్పుడు వెయ్యండి. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి అరగంట వానలో అసలు దిగకండి. ఆ అరగంటలో తారు మీద దుమ్ము, నూనె కలిసి సబ్బు నీళ్లలా ఉంటుంది. వంట్లమామిడి దగ్గరో ఎక్కడో ఆపి, రోడ్డు కడుక్కుపోయేదాకా ఆగండి. పాత టైర్ల మీద డీఓటీ చివరి నాలుగు అంకెలు ఏమున్నాయో, గాట్లు ఎంత లోతు మిగిలాయో చూసి నాకు రాయండి. స్టెప్నీకి ఏది ఉంచుకోవాలో, ఏది పారెయ్యాలో అప్పుడు చెబుతాను.